పెద్ద సైలస్ చిటికెనవేలు

మూడో బకెట్ బంగాళాదుంపలు సగం చెక్కేసరికి నా బొటనవేలు మొద్దుబారింది. ఏప్రిల్ వచ్చిందంటే మా టిల్డా పిన్ని నడిపే ఈ బసలో నలభై మంది దిగుతారు. చలికాలమంతా విస్కాన్సిన్ అడవిలో పైన్ చెట్లు నరికి, మంచు కరగ్గానే ఆ దుంగల్ని నదిలో వదిలి, వాటి వెంట మిల్లు దాకా పోయేవాళ్లే అందరూ. ఒక్కొక్కడూ నలుగురి తిండి తింటాడు, పదిమంది అబద్ధాలు చెబుతాడు.

అబద్ధాలన్నీ పెద్ద సైలస్ గురించే. సైలస్‌ను చూసినవాడు లేడు గానీ, అతని దగ్గర పనిచేయనివాడూ లేడు. అతను తుమ్మితే నది వెనక్కి మళ్లి, చేపలు గట్టు మీద నడుచుకుంటూ ఇళ్లకు పోయాయట. అతను ఆరేసిన మేజోడును గుహ అనుకుని ఎలుగుబంటి దాంట్లో ఆరు నెలలు నిద్రపోయిందట. ఆ వాసనకు బతికే ఉందా అని ఒకసారి అడిగాను. నాకు మర్యాద తెలియదన్నారు.

వీళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఎవడి గొప్ప వాడు చెప్పుకోకూడదు. చెప్పుకున్నవాడి బూట్లలో తెల్లారేసరికి బెల్లం పాకం ఉంటుంది. అందుకని ఎవడైనా నిజంగా ఘనకార్యం చేస్తే, దాన్ని సైలస్ చేశాడని చెబుతాడు. వినయమంటే ఇదేనట.

నా పక్కన కూర్చుని దుంపలు చెక్కుతున్న ఆంబ్రోజ్ తాత అందరికంటే వినయవంతుడు. పందొమ్మిదేళ్ల కిందట లాడం మలుపు దగ్గర రెండు మైళ్ల పొడవునా దుంగలు చిక్కుపడి నది ఆగిపోతే, ఒక్కడే వాటి మీదికి నడిచి, అన్నిటినీ పట్టి ఉంచిన ఒక్క దుంగను వెతికి కదిపింది ఆయనే. గట్టు మీద నిలబడి చూసింది మా నాన్న ఒక్కడే. నాన్న ఇప్పుడు లేడు. ఆ సాయంత్రమే తాత, తన నోటితోనే, ఆ పని సైలస్ చిటికెనవేలితో చేశాడని అందరికీ చెప్పాడు.

ఇప్పుడాయనకు అరవై ఒకటి. ఈ చలికాలమంతా ఆయన చేత గిన్నెలు కడిగించారు. నది మీద పనికి తీసుకుంటాడో లేదో మేస్త్రీ హార్లన్ ఈ మధ్యాహ్నం చెప్పాలి.

భోజనాల దగ్గర మాట్లాడకూడదన్నదీ అడవి కట్టుబాటే. హార్లన్ పళ్లెం ఖాళీచేసి మూతి తుడుచుకునేదాకా తాత చెంచా ముట్టలేదు.

"మేస్త్రీ, నన్ను దుంగల మీద నడిచే ముందు జట్టులో వేస్తావా?"

"ఎందుకు తాతా? వంటపాకలో వెచ్చగా ఉన్నావుగా!"

"లాడం మలుపు సంగతి నాకంటే ఎవడికి తెలుసు? అక్కడ చిక్కు విప్పింది నేనే."

నవ్వులకు బల్లలు అదిరాయి.

"ఏదీ, చిటికెనవేలు చూపించు తాతా!"

"జాగ్రత్తరోయ్, తాత తుమ్ముతాడేమో, చేపలు లోపలికొస్తాయి!"

"నువ్వే కదా పెద్దాయనా చెప్పింది," అన్నాడు హార్లన్. "నాకప్పుడు పదహారేళ్లు. సైలస్ ఆ వేలు కడుక్కుంటే చెరువైందన్నావు."

"అది ఊరికే అన్నాను. చేసింది నేను."

"అయితే మాకు అబద్ధం చెప్పావా?" హార్లన్ ముఖం నిజంగానే చిన్నబోయింది. చేపలు నడిచాయంటే నమ్మినవాడు, ఒక మనిషి దుంగ కదిపాడంటే నమ్మలేకపోయాడు.

"మా నాన్న చూశాడు," అన్నాను. గట్టిగానే అన్నాననుకున్నాను. పిన్ని నా చేతిలో కాఫీ కూజా పెట్టింది.

"పోయవే, చల్లారిపోతోంది."

హార్లన్ లేచి తాత భుజం మీద చెయ్యి వేశాడు. "బాధపడకు. నిన్నూ తీసుకెళ్తాను, దుంగల వెనకాల వచ్చే వంట పడవలో. పూర్తి జీతం. రోజూ సాయంత్రం కుర్రాళ్లకు సైలస్ కథలు చెప్పు. నీ అంత బాగా ఎవడు చెబుతాడు? లాడం మలుపు దగ్గర మాత్రం ఆ చిక్కు కథే చెప్పాలి. చిటికెనవేలు మరిచిపోకు!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఎంత దయ! పనిచేసినవాడికి పని లేదు. పుట్టనివాడిని పొగడటానికి మాత్రం పూర్తి జీతం.

ఆంబ్రోజ్ తాత తన పళ్లెం తీసుకెళ్లి తొట్టిలో పెట్టాడు. టోపీ పెట్టుకుని, తలుపు వెనకాల ఉన్న, దుంగలు కదిపే తన కొక్కెం కర్ర అందుకున్నాడు. సైలస్ కొక్కెం కర్ర ఎంత పొడవో వెనక బల్ల దగ్గర ఎవడో అప్పుడే మొదలుపెట్టాడు. తాత తలుపు తీసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.