ఎవరిల్లని అడగొద్దు

నాకు కోపం ముక్కు మీదే ఉంటాది. ఈ సొన్నమ్మ నోరు మంచిది కాదని బెంగుళూరు పక్కన హెబ్బగోడిలో మా వీధంతా అంటాది. అననీ.

ఆమధ్య మా వీధిలో వరసగా గ్యాస్ సిలిండర్లు పోయినాయి. స్టేషన్లో చెప్తే, "మీరూ కొంచెం చూసుకోండమ్మా" అన్నారు. అప్పుడు మా పక్కింటి నాగరాజ్ ముందుకొచ్చినాడు. జిగణిలో ఒక ఫ్యాక్టరీకి సూపర్‌వైజరు, మంచి మాటకారి. అందరినీ కూర్చోబెట్టి ఒక కట్టుబాటు పెట్టినాడు. ఆపదొస్తే అన్నం తినే స్టీలు తట్ట మీద గరిటెతో కొట్టాల. విన్నోళ్ళు ఎవరిల్లని అడక్కుండా ఉరకాల. అట్లే ఒక దొంగ దొరికినాడు కూడా. నాగరాజ్‌కు శాలువా కప్పినాము.

అతని పెండ్లాం సుమ నోట్లో నాలుక లేని పిల్ల. ఆ ఇంట్లోంచి దెబ్బలు, ఏడుపు మా అందరికీ వినపడేవి. మొగుడూ పెండ్లాల మధ్య దూరితే మనమే చెడ్డోళ్ళమని ఊరుకుంటిమి.

పోయిన ఆదివారం మధ్యాన్నం తట్ట మోగింది. ఎంగిలి చేత్తోనే ఉరికినాను. ఎదురింటి పెద్దమునియప్ప కట్టె పట్టుకొని వచ్చినాడు. మా ఇంట్లో బాడుగకుండే రంజిత పిండి చేతులతో వచ్చింది. చూస్తే, తట్ట కొడతా ఉండేది సుమ! పెదవి పగిలి రక్తం కారతా ఉండాది.

వెనక నాగరాజ్ నవ్వినాడు. "ఏమీ లేదప్పా, ఇంటి విషయం. పోండి."

జనం వెనక్కి తిరిగినారు. పెద్దమునియప్ప కూడా, "సర్దుకో పాపా, సంసారమన్నాక ఉంటాది" అన్నాడు.

"సిలిండరు పోతే ఉరికొస్తిరి కదా తాతా. నా పానం పోతే రారా?" అనింది సుమ.

నా ఒళ్ళు మండిపోయింది. అతని మీదనో, మా మీదనో తెలీదు. సుమ చెయ్యి పట్టుకొని, "రామ్మా మా ఇంటికి" అన్నాను.

"మీకెందుకక్కా?" అని నాగరాజ్ అడ్డమొచ్చినాడు.

"కంచే చేను మేస్తా ఉంటే నాకెందుకా? జరుగప్పా!"

పెద్దమునియప్ప వచ్చి మా ఇద్దరికీ అతనికీ నడుమ కట్టె పట్టుకొని నిలబడినాడు. రంజిత ఫోన్ చేస్తే పోలీసాయన వచ్చినాడు.

"కొట్టేది ఎవరు చూసినారు?" అని అడిగినాడు.

అందరిలో పెద్దమునియప్ప ఒక్కడే నోరు తెరిచినాడు.

"చూడలేదు సార్. ఏడాదిగా వింటా ఉండాము."