తీగ మీద మసి

మా సెక్షన్ అధిపతి నిషిగాకి చేతికి ఏనాడూ మసి అంటలేదు. అలాంటి మనిషి, ప్రింటరు తనంతట తానే లోపల తుడుచుకునే ఉపాయం కనిపెట్టానని చెప్పుకుంటే నాకు నవ్వొచ్చింది. ఇల్లు ఊడ్చి ఎరగనివాడు చీపుర్లు అమ్మబోయినట్టుంది.

నా పేరు హిరాబయాషి కజుఎ. జపాన్‌లోని సువా ఊళ్లో ప్రింటర్లు తయారుచేసే కంపెనీలో ఇరవై రెండేళ్లుగా పరీక్ష గదిలో పనిచేస్తున్నాను. కొత్త మిషన్ల చేత రోజంతా కాగితాలు తీయించి తప్పులు పట్టడం నా పని. ఇంజనీర్లంటే నాకు లెక్క లేదు. తాగిన టీ కప్పు కూడా కడుక్కోరు. వాళ్లు రాసి పంపే పరీక్ష పత్రాలను మొదటి పేజీ దాటి చదవడం నేనెప్పుడో మానేశాను.

ప్రింటరు లోపల వెంట్రుకంత సన్నటి తీగ ఒకటి ఉంటుంది. సిరా బదులు వాడే నల్లటి టోనరు పొడి ఎగిరి దానికి పట్టుకుంటే ప్రతి కాగితం మీదా నిలువునా నల్లగీత పడుతుంది. స్విచ్చి వేయగానే చిన్న ఉన్ని ముక్క ఆ తీగ వెంట చివరిదాకా వెళ్లి, తుడుచుకుంటూ తిరిగి రావాలి. ఇదీ నిషిగాకి ఉపాయం.

సమావేశంలో దీనికి అడ్డు చెప్పింది మా సెక్షన్ ఇంజనీరు మినెగిషి ఒక్కడే.

"కాచో, వెళ్లేటప్పుడు తుడిచిన మసినే అది వచ్చేటప్పుడు మళ్లీ పూస్తుంది కదండీ. ఇరవై వేల కాగితాల్లోపే గీత పడుద్ది. వెనక్కొచ్చేటప్పుడు ఉన్ని పైకి లేవాలి."

మా దగ్గర సెక్షన్ అధిపతిని కాచో అని, మిగతావాళ్లను పేరు చివర గౌరవంగా సాన్ చేర్చి పిలుస్తాం. ఆ కాచో కుర్చీలో వెనక్కి వాలాడు.

"నీకు అన్నిట్లోనూ గీతలే కనపడతాయేంటయ్యా, మినెగిషీ? సరే, లక్ష కాగితాలు తీయిద్దాం. గీత పడితే నీ పద్ధతే పెడదాం. పడకపోతే, దేశం ఆ చివర క్యూషూ ఫ్యాక్టరీ గోడౌన్లో మనిషి కావాలంటున్నారు, వెళ్లి మరలు లెక్కపెట్టుకో."

అధికారి పరిహాసమాడితే నవ్వాలి కాబట్టి అందరూ నవ్వారు. అది పరిహాసం కాదని నాకు తెలుసు. మినెగిషి భార్య ఈ ఊరి ఆసుపత్రిలో నర్సు, కూతుళ్లిద్దరూ బడిలో ఉన్నారు. బదిలీ ఉత్తర్వు వస్తే అతనొక్కడే పెట్టె సర్దుకుని వెళ్లాలి. ఎన్నేళ్లకు తిరిగొస్తాడో చెప్పేవాళ్లుండరు. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగినట్టు, ఈ నిషిగాకికి సెక్షన్ ఇచ్చినందుకు మంచి పనివాళ్లంతా ఇలాగే పోతున్నారు. మినెగిషి గెలవాలని నేను మనసారా కోరుకున్నాను.

రోజుకు ఏడు వేల కాగితాలు తీయించాను. ఒక్కోదాన్నీ వెలుతురుకు పట్టి చూశాను. ఇరవై వేలు దాటాయి, గీత లేదు. యాభై వేలు దాటాయి, గీత లేదు. నిషిగాకి రోజూ గుమ్మంలో నిలబడి అడిగేవాడు.

"ఏమంటున్నాయి కాగితాలు, హిరాబయాషి సాన్?"

"తెల్లగానే ఉన్నాయి, కాచో."

"మినెగిషిని సూట్‌కేసు కొనుక్కోమనండి."

లక్ష కూడా దాటేసరికి నాకు మినెగిషి మీద కూడా కోపం వచ్చింది. ఇతనూ ఆ ఉత్తి మాటల జాతివాడే అనుకున్నాను. ఉత్తర్వు ఆ వారమే వచ్చింది.

తర్వాత నాకు జ్వరమొచ్చి మూడు రోజులు ఇంట్లో పడుకున్నాను. పైవాళ్లకు ఇంకా పెద్ద అంకె చూపించాలని నిషిగాకి మిషన్ను నడిపిస్తూనే ఉన్నాడు. నాలుగో రోజు పొద్దున వచ్చాను. పని మొదలయ్యే ముందు అందరం పాట పెట్టుకుని చేసే కసరత్తు అయిపోయింది, ఆ తర్వాతి పది నిమిషాల శుభ్రం మొదలైంది. మూత తెరిస్తే తీగ నిండా మసి. నేను మూడు రోజులు లేకపోతే ఈ గదిలో తుడిచే దిక్కే లేదు కదా అని తిట్టుకుంటూ దూది పుల్ల స్పిరిట్లో ముంచాను. అప్పుడు పక్కనున్న కాగితాలు కనిపించాయి. ప్రతిదాని మీదా పైనుంచి కిందదాకా నల్లగీత.

పుల్లను బల్ల మీద పెట్టేశాను.

నేల, బల్ల, కిటికీ, వాటితోపాటు ఆ తీగ. రోజూ పొద్దున తుడిచాను. తుడవమని నాకెవరూ చెప్పలేదు. మురికి కనిపిస్తే మూత మూయడం నా వల్ల కాదు. పరీక్ష పత్రం తీసి మొదటిసారి మూడో పేజీ దాకా తిప్పాను. "మిషను లోపల ఎవరూ తుడవరాదు" అని మినెగిషి చేతిరాతలో ఉంది. కింద రెండు గీతలు కూడా గీశాడు.

పరుగున నిషిగాకి దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను.

"అయితే ఏంటి? వాడకం పుస్తకంలో రోజూ పొద్దున తీగ తుడవమని ఓ ముక్క రాద్దాం."

"అప్పుడది తనంతట తాను తుడుచుకోవడం ఎలా అవుద్దండీ?"

"పెట్టె మీద అలాగే అచ్చేస్తాంగా. పైవాళ్లకు అంకెలు వెళ్లిపోయాయి, ఉత్తర్వు కూడా వచ్చేసింది. మీకింకా నీరసం తగ్గినట్టు లేదు, వెళ్లి టీ తాగండి."

ఇంత సిగ్గుమాలిన మనిషిని నేనెక్కడా చూడలేదు. కానీ ఛీ అనడానికి నాకు నోరు రాలేదు. అతని అబద్ధాన్ని ఇన్నాళ్లూ మెరిసేలా తుడిచింది నా చెయ్యే.

మినెగిషి తన బల్ల దగ్గర సామాను సర్దుకుంటున్నాడు. నడుం వంచి తల దించి చెప్పాను. తిడితే పడదామనుకున్నాను.

"గీత పడిందా?" అన్నాడు.

"పడింది. నేను తుడవని మూడు రోజుల్లోనే. మీరన్నట్టే, ఇరవై వేల దగ్గర."

అతని ముఖం వెలిగింది. గోడ మీంచి ఒక ఫ్రేము తీశాడు. ఆరేళ్ల కింద అతను కనిపెట్టిన తీగ తుడుపు బ్రష్షుకు కంపెనీ ఇచ్చిన ప్రశంసాపత్రం అది. దాన్ని పెట్టెలో పెట్టబోయి ఆగాడు.

"హిరాబయాషి సాన్, ఈ బ్రష్షు మిషను కూడా మీ గదిలోనే నడిచింది కదా?"

"నడిచింది."

"అప్పుడు కూడా రోజూ పొద్దున్నే..."

"రోజూ."

అతను ఫ్రేమును బల్ల మీద బోర్లించి, కింది సొరుగు ఖాళీ చేయడం మొదలుపెట్టాడు.