లచ్చమ్మ గొంతు

బ్యాంకు మేనేజరు ఫోన్ చేసినప్పుడల్లా అండాలమ్మ ముక్కు మూసుకునేది. "అండాలమ్మ లేదు సార్, ఊరికి పోయింది. నేను చెల్లెను, లచ్చమ్మను" అని ముక్కుతో పలికేది. మూడు నెలలుగా ఆ ఊరి ప్రయాణం సాగుతూనే ఉంది. నిజానికి ఆమె ఉండేది సరూర్‌నగర్‌లోనే, ఏ ఊరికీ పోయింది లేదు. రోజూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట చేసి, చీకటి పడేలోగా ఇల్లు చేరుతుంది. ఆమెకు చెల్లెలే లేదు.

కూతురు జ్యోతిక డిప్లొమా చదివింది బ్యాంకు అప్పుతో. ఆ అప్పు అలాగే ఉంది. ఇప్పుడు పిల్లకు ఇంజనీరింగ్‌లో నేరుగా రెండో ఏట్లో సీటొచ్చింది. ఫీజు సర్కారే కడుతుంది. కానీ స్కాలర్‌షిప్ దరఖాస్తుతో ఇచ్చే పాసుపుస్తకం నకలు మీద మేనేజరు ముద్ర కావాలి. ఖాతా ఉన్నదీ, అప్పు ఉన్నదీ ఒకే బ్యాంకులో. గడువు రేపటితో సరి.

"పోయి అడుగుదామమ్మా," అంది జ్యోతిక.

"పాలకుండకు పిల్లిని కావలి పెడతమానే? స్కాలర్‌షిప్ పైసలు పడుడే ఆలస్యం, అప్పు కింద గుంజుకుంటడు. సీటు పాయె, నువ్వు ఇంట్ల కూసుంటవు."

ఆ రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు. తెలంగాణ కోసం నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకు తిని, బండ్లు కదలకుండా చెయ్యడం. పొరుగింటి జంగయ్య వచ్చి, "అక్కా, రెండొందల మందికి పచ్చిపులుసు నీ చేత్తోనే కావాలె" అంటే కాదనలేకపోయింది. రాత్రి వానకు కట్టెలు తడిసి ఉన్నాయి. పదకొండయ్యేసరికి అన్నం పొయ్యిల పొగకు ఆమె కళ్లు ఎర్రబడ్డాయి, ముక్కు దిబ్బడేసింది.

"తినందే పోనియ్యం సార్, కూసోండ్రి," అంటూ ఆగిన బండ్లవాళ్లను జంగయ్య బంతిలో కూర్చోబెడుతున్నాడు. వడ్డిస్తూ వచ్చిన అండాలమ్మ ఐదో విస్తరి దగ్గర ఆగిపోయింది. ఇస్త్రీ చొక్కా, ఒళ్లో హెల్మెట్. బ్యాంకు మేనేజరు మల్లికార్జునరావు!

బ్యాంకు అద్దాల్లోంచి ఆయన్ను చూసి ఆమె రెండుసార్లు వెనక్కి తిరిగొచ్చింది. ఆయన కొత్తగా వచ్చినవాడు, ఆమె ముఖం తెలియదు. ఆ ధైర్యంతో, "పులుసు పొయ్యాల్నా సార్?" అంది.

ఆయన చటుక్కున తలెత్తాడు. "మీరు లచ్చమ్మగారు కదూ?"

పొగ చేసిన పని అప్పుడు తెలిసింది అండాలమ్మకు. ముక్కు మూసుకోకుండానే ఆ గొంతు వచ్చేసింది.

"అవు... అవును సార్."

"మీ అక్కగారు ఇంకా రాలేదాండీ? మూడు నెలలు! అదేం ఊరమ్మా?"

"నీకు అక్క యాడున్నది?" అనబోయాడు జంగయ్య. ఆమె అతని చేతిలో అన్నం గంప పెట్టి అటు తోసింది.

"మా అక్కకు ఊరంటే పానం సార్."

"పోనీ మీరైనా చెప్పండి. అమ్మాయికి ఇంజనీరింగ్ సీటొచ్చిందని మొన్న ఫోన్లో మీరే గొప్పగా చెప్పారు కదా. చదువుతున్నన్నాళ్లూ మేము కిస్తు అడగమండీ. చదువుతున్నట్టు కాలేజీ నుంచి ఒక్క కాగితం తెమ్మనండి. దానికోసమే మొన్నట్నుంచీ ఈ ఫోన్లు. చెప్పేలోగానే మీరు పెట్టేస్తున్నారు."

గరిటె ఒరిగి పచ్చిపులుసు విస్తరి దాటి రోడ్డు మీద పారింది.

"మరి స్కాలర్‌షిప్ పైసలు మీరు గుంజుకుంటరని మా అక్క పరేషానైతున్నది."

"ఫీజు సర్కారు నేరుగా కాలేజీకే పంపుతుందమ్మా. నా చేతికి రాందే నేనేం గుంజుకుంటాను? రేపు రమ్మనండి, ముద్ర వేసిస్తాను. ఇంకొంచెం పొయ్యండి, పులుసు బాగుంది."

సాయంత్రానికల్లా జ్యోతిక కాలేజీకి పరుగెత్తి కాగితం తెచ్చింది. మర్నాడు పొద్దున్నే అండాలమ్మ మిరియాల కషాయం తాగి, గొంతు తేట చేసుకుని, మంచి చీర కట్టుకుంది. బ్యాంకు మెట్లెక్కాకగానీ గుర్తురాలేదు. గొంతయితే మారింది, ముఖం మాత్రం నిన్నటిదే!

వెనక్కి తిరగబోయింది. జ్యోతిక చెయ్యి వదల్లేదు.

మల్లికార్జునరావు కాగితం చూశాడు, పాసుపుస్తకం చూశాడు, ఆమె ముఖంకేసి కాస్త ఎక్కువసేపే చూశాడు.

"అండాలమ్మగారు?"

"అవును సార్," అంది తేటగా.

ఆయన ముద్ర గట్టిగా వేసి, కాగితం ఇవ్వకుండా పట్టుకుని అడిగాడు. "మీ చెల్లెలుగారి చేతి పులుసు బ్రహ్మాండమండీ. ఆవిడ రాలేదా?"

అండాలమ్మ కాగితం మెల్లగా తనవైపు లాక్కుంది.

"ఊరికి పోయింది సార్."