ముళ్ళకంప అభిమాని

“అవన్నీ తీసేయ్ మా. ఇప్పుడే తీసేయ్. నేను కాలేజీకి యా ముఖం పెట్టుకొని పోవల్ల?” ఉమామహేశ్ నాలుగోసారి అడిగాడు.

“నేనేమన్నా బూతులు రాసినానా?” అంది మహేశ్వరి, జొన్నపిండిలో వేడినీళ్ళు పోస్తూ.

“బూతులైనా బాగుండు!”

గొడవంతా ముళ్ళకంప బ్యాండు గురించి. నందికొట్కూరు కుర్రాళ్ళు నలుగురు గిటారూ, డప్పులూ కలిపి కట్టుకున్న జట్టు అది. కర్నూలులో సగంమంది వాళ్ళను నెత్తిన పెట్టుకుంటారు. మిగతా సగం పాట మొదలవగానే చెవులు మూసుకుంటారు. మహేశ్వరి మొదటి సగంలో చేరి ఏడాదయింది. నీళ్ళ ట్యాంకరు మీద వాళ్ళు కట్టిన పాట రోజుకు రెండుసార్లయినా వినాలి. యూట్యూబులో ఆ పాట కింద ఎవరైనా వంకలు పెడితే ఊరుకోదు. ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అక్షరాలు వాటంతట అవే పడతాయని తెలిశాక ఇక ఆమెను ఆపేవాళ్ళు లేకపోయారు.

చిక్కల్లా, ఆ ఫోను కొడుకు వాడి వదిలేసింది. అందులో పేరూ కొడుకుదే, నల్లకళ్ళద్దాల ఫోటోతో సహా. ఏడాదిగా ఆమె చేసిన వాదనలన్నీ ‘ఉమామహేశ్ బీటెక్’ పేరు మీద లోకానికి చేరాయి.

“ఆ పాటకు వంకలు పెట్టే స్వరప్రియ అనేటాయన నన్ను తమ్ముడూ తమ్ముడూ అంటాంటే, ఆయప్పకు చూపు తక్కువేమో అనుకుంటి” అంది మహేశ్వరి.

స్నానం చేసి వచ్చిన ఆమె భర్త వీరభద్ర తువ్వాలు భుజాన వేసుకుని అక్కడే నిలబడ్డాడు. “అంతగా ఏం రాసిందప్పా? చదువు.”

ఉమామహేశ్ చదివాడు. “‘గొంతు బొంగురంట! ట్యాంకరు వెనకాల బిందె పట్టుకొని ఉరికేటోళ్ళకు గొంతు నున్నగా ఉంటాదా సామీ? ఆగు, కుక్కరు మూడు కూతలు పెట్టింది, దించి వస్తా.’ నాయనా, కాలేజీలో ఇప్పుడు నా పేరే కుక్కరు!”

వీరభద్ర పడీపడీ నవ్వాడు. గడప దగ్గర శనక్కాయలు ఒలుస్తున్న ఆయన తల్లి సుంకులమ్మ, “అదేందో నాకూ వినిపించండి” అంది. మనవడు పాట పెట్టాడు. ముసలామె చేట పక్కన పెట్టి, లేచి వీధిలోకి తొంగిచూసింది.

“కొట్లాట యాడరా?”

“కొట్లాట కాదత్తా, పాట.”

“ఇదా!” అని మళ్ళీ కూర్చుంది.

“ఇంకోటి చదువు” అన్నాడు వీరభద్ర, కళ్ళు తుడుచుకుంటూ.

“‘మా ఇంటాయన కూడా వీళ్ళను తిడతాడు. ఈ కల్లూరికి వచ్చి ఆరేండ్లాయె, ఆయప్ప ట్యాంకరు కాడికి ఒక్కదినం రాలేదు. నా తరపున అరిచేది ఈ నలుగురే.’” ఉమామహేశ్ ఫోను తల్లికి చూపించాడు. “సూడు మా! నా ఫోటో పక్కన ‘మా ఇంటాయన’ అంట!”

సుంకులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వీరభద్ర మాత్రం ఈసారి నవ్వలేదు.

“తీసేయ్. ఇంట్లో మాటలు ఊరందరికీ ఎందుకు?” అన్నాడు.

అవి మహేశ్వరి ఇంట్లో ఎప్పుడూ అనని మాటలు. అడిగినవాళ్ళుంటే ఇక్కడే అనేది. ఇప్పుడు తీసేస్తే తనవంటూ ఎక్కడా మిగలవు. ఆమె రొట్టె తట్టి పెనం మీద వేసింది.

అందరూ తినడానికి కూర్చున్నాక, గోంగూర వడ్డిస్తూ, ఎవరివైపూ చూడకుండా చెప్పింది.

“పిల్లోని పేరు మీద ఉండేవన్నీ ఈ పొద్దే తీసేస్తా. పాపం, వానిది తప్పేముండాది? నా పేరు పెట్టుకొని, నా ఫోటో పెట్టుకొని, మళ్ళా రాస్తా.”

“అన్నీనా?” అన్నాడు వీరభద్ర.

“అన్నీ. ఆదివారం మధ్యాహ్నం కోయిలకుంట్లలో ముళ్ళకంపోళ్ళు పాడతాండారు. పొద్దున బస్సుకు పోతాండా.”