ఆగిన చెయ్యి

ఇరవై ఒక్క రోజుల విశ్రాంతిలో పన్నెండో రోజు పొద్దున తన కుడిచెయ్యి ఏ తప్పూ చెయ్యలేదని పిచ్చుకకి తెలిసింది.

అప్పటిదాకా ఆ చేతిని ఆవిడ ఇంట్లో దూరిన దొంగని చూసినట్టే చూసేది. నలభై రోజుల కిందట లివరు మీద ఉన్నది ఆ చెయ్యే. నూట ఎనభై అడుగుల ఎత్తులో, టవరు క్రేను క్యాబిన్‌లో కూర్చుని ఆవిడ దింపిన ఇనుప దూలం గోడ వెనకాల పరంజా మీద పనిచేస్తున్న వెల్డరు కాలు మీద కూర్చుంది. మోకాలి కింద ఎముక మూడు ముక్కలయింది.

పిచ్చుక ఆవిడ అసలు పేరేం కాదు. కొమ్మ మీద గూడు కట్టుకున్నట్టు పొద్దస్తమానం క్యాబిన్‌లోనే ఉంటుందని అన్నయ్య పెట్టిన పేరు. ఆ పేరే సైటంతా పాకింది. అన్నయ్యకి సైటు పెట్టిన పేరు గొంతు. క్రేను కింద వాకీటాకీ పట్టుకుని నిలబడి, ఎత్తు, తిప్పు, దించు అని పైకి చెప్పే పని ఆయనది. పదకొండేళ్ళుగా ఆయన చెప్పాడు, ఆవిడ చేసింది. తల్లీతండ్రీ లేని ఇంట్లో ఆవిడని పెంచి, ఈ పని నేర్పించి, లైసెన్సు పరీక్షకి దగ్గరుండి తీసుకెళ్ళిందీ ఆయనే.

గోడ వెనక్కి బరువు దింపేటప్పుడు క్యాబిన్‌లోంచి ఏమీ కనపడదు. సైట్లో దాన్ని గుడ్డి లిఫ్టు అంటారు. దానికి ఒకటే సూత్రం. కింది మనిషి దించు, దించు, దించు అని ఎడతెరిపి లేకుండా అంటూనే ఉండాలి. గొంతు ఆగితే చెయ్యి ఆగాలి. ఎందుకాగిందని అడక్కూడదు, ఇంకొంచెం చూద్దామనుకోకూడదు. అన్నయ్య ఆవిడకి నేర్పిన మొదటి పాఠం అదే.

ప్రమాదం జరిగిన రోజు యాభై ఏడేళ్ళ అన్నయ్య నిచ్చెనలన్నీ రొప్పుతూ ఎక్కి క్యాబిన్‌కి వచ్చాడు. ఆవిడ తలని గుండెకి అదుముకుని ఒకటే మాట అన్నాడు.

"నేనాపేశానే పిచ్చుకా. నీ చెయ్యే ఆగలేదు."

ఆవిడ నమ్మింది. ఆయన మాట నమ్మడమే ఆవిడ ఉద్యోగం.

ఆ తరవాత ఆవిడకి నిద్ర కరువైంది. కళ్ళు మూసుకుంటే దూలం దిగుతూనే ఉండేది. అన్నం సయించేది కాదు. వెల్డరుని చూసి క్షమించమని అడుగుతానంటే, వాడు నీ మొహం చూస్తే ఉమ్మేస్తాడు, ఆ గుమ్మం తొక్కొద్దని అన్నయ్య అడ్డం పడ్డాడు. ఊరి చివర విశ్రాంతి గృహం ఒకటుందని, ట్రక్కుని గ్యారేజీకి తోలినట్టు మనిషిని తోలితే ఒంటినీ మనసునీ లోపలున్న ఆత్మనీ కలిపి సర్వీసింగ్ చేసి పంపిస్తారని నవ్వించబోయాడు. కంపెనీతో మాట్లాడి అన్నీ ఆయనే కుదిర్చాడు. బయల్దేరే రోజు వదిన మూడు కాగితాలు తెచ్చి ఎక్కడ వేలు పెడితే అక్కడ పిచ్చుక సంతకం పెట్టింది. ఏమిటని అడగలేదు. అన్నయ్య పక్కనే నిలబడి పెట్టమన్నాడు, ఆవిడ పెట్టింది.

విశ్రాంతి గృహంలో ఫోన్లు తాళం వేసి పెట్టేవారు. తెల్లారగానే చెట్ల మధ్య నడక, మధ్యాహ్నం నోటుపుస్తకంలో మనసులో ఉన్నది రాసుకోవడం, సాయంత్రం గంటసేపు మౌనం. మొదట్లో ఆవిడకి ఇదంతా పనిలేనివాళ్ళ పనిలా కనిపించింది. పక్క మంచం పళ్ళ డాక్టరమ్మ మౌనంలో కూడా ఎదుటివాళ్ళ నోళ్ళలోకే చూస్తుండేది. అయినా అయిదో రోజుకి రెండు గంటలు నిద్ర పట్టింది. తొమ్మిదో రోజుకి నాలుగు.

పన్నెండో రోజు ఇవన్నీ చేయించే టీచరమ్మ అందరినీ చాపల మీద పడుకోబెట్టి, కళ్ళు మూయించి, చేతులు పైకి ఎత్తించింది. తను చెబుతూ ఉంటే మెల్లమెల్లగా దించమంది.

"దించండి... దించండి... ఇంకా దించండి..."

మధ్యలో టీచరమ్మకి పొలమారింది. దగ్గుకుని, లేచి వెళ్ళి, మంచినీళ్ళు తాగి వచ్చేసరికి నిమిషం పట్టింది. ఆ నిమిషంలో పన్నెండుమంది చేతులు వాటంతట అవే చాపల మీదికి చేరిపోయాయి. ఒక్క చెయ్యి మాత్రం గాల్లో, మేకు కొట్టినట్టు, కదలకుండా ఉంది.

"నీ చెయ్యి ఆగిపోయిందేమ్మా?" అంది టీచరమ్మ దగ్గరికొచ్చి.

"మీ గొంతు ఆగింది కదండీ."

అన్న తరవాత గాని ఆవిడకి తనేమన్నదో తెలియలేదు. తెలిశాక చాప మీద లేచి కూర్చుంది. ఒళ్ళు మత్తులో ఉన్నా, ఇక్కడ ఎవరి ప్రాణానికీ ముప్పు లేకపోయినా, గొంతు ఆగగానే చెయ్యి ఆగింది. మరి ఆ రోజెందుకు ఆగలేదు?

ఆగకపోవడానికి కారణం ఒకటే. గొంతు ఆగలేదు.

తిన్నగా ఆఫీసు గదికి వెళ్ళి తన ఫైలు చూపించమంది. కంపెనీ పంపిన కాగితాలన్నీ ఫైల్లోనే ఉన్నాయి. మొదటిది చేరిక పత్రం. రెండోది సెలవు చీటీ. మూడోదాని మీద వదిన గుండ్రటి చేతిరాతలో నాలుగు వాక్యాలున్నాయి. కొన్ని నెలలుగా నాకు మతి స్థిమితంగా ఉండటం లేదు. కింది నుంచి ఆగమని చెప్పినా నేను ఆపలేదు. ప్రమాదానికి బాధ్యత పూర్తిగా నాదే. ఇకమీదట క్రేను నడిపే పని నాకు ఇవ్వవద్దని మనవి. కింద ఆవిడ సంతకం, అచ్చంగా ఆవిడదే.

విచారణకి రావడానికి ఎల్లుండి ఆఖరి రోజని వెనకాల కంపెనీ ముద్ర చెబుతోంది. ఆ రోజు దాటితే లైసెన్సు పోతుంది. వేరే పని ఆవిడకి రాదు. అంతకన్నా, ఒక మనిషిని కుంటివాణ్ణి చేశానన్న ముద్ర బతికినంతకాలం నెత్తిన ఉంటుంది.

గంటలో సంచీ సర్దుకుని బయటపడింది. అన్నయ్య ఇంటికి వెళ్ళలేదు. తొక్కొద్దన్న గుమ్మమే తొక్కింది.

తలుపు తీసిన వెల్డరు భార్య ఎగాదిగా చూసి, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా అని ఒక చురక వేసి పక్కకి తప్పుకుంది. వెల్డరు కిటికీ దగ్గర కుర్చీలో కట్టుకట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని ఉన్నాడు. పిచ్చుక నోరు తెరిచేలోపు అతనే మాట్లాడాడు.

"రోజూ నీకోసమే చూశానక్కా. నువ్వు నా మొహం చూడనన్నావని మీ అన్న చెప్పాడు."

అతను ఉమ్మడానికి బదులు కూర్చోమన్నాడు. ఆ రోజు జరిగింది ఒక్కొక్కటిగా చెప్పుకొచ్చాడు. నెత్తి మీదికి దూలం రావడం చూసి కేకలేశాడు, గ్రైండర్ల రొదలో ఎవరికీ వినపడలేదు. పరంజా మీద పక్కకి తప్పుకునే చోటు లేదు, రెండు చేతులూ ఊపాడు. హెల్మెట్టు తీసి విసిరాడు. పదిహేను అడుగుల దూరంలో గొంతు నిలబడి ఉన్నాడు, ఇటే తిరిగి.

"నా కళ్ళల్లోకే చూస్తూ దించు దించు అంటున్నాడక్కా. నేనాయనకి ఏం ద్రోహం చేశాను? ఈ కుర్చీలో కూర్చుని రోజూ అదే ఆలోచిస్తున్నా."

ఇదంతా ఎవరికైనా చెప్పావా అని అడిగింది. చెప్పబోతే, పైన క్రేను నడిపిన మనిషే తప్పు ఒప్పుకుని సంతకం పెట్టాక ఇంకేముందని కంపెనీ వాళ్ళు పుస్తకం మూసేశారట.

పిచ్చుక బస్టాపుకి నడుస్తూ ఆ మాటే మళ్ళీ మళ్ళీ తిప్పింది. ఇటే చూస్తూ దించమన్నాడు. అన్నయ్య కోపిష్టి కాడు, ఎవరి మీదా పగ పెట్టుకునే రకం కాదు. అయితే ఎందుకు? ఎదురుగా బస్సు వచ్చి ఆగింది. నంబరు చూసి ఎక్కబోతూ అలాగే నిలబడిపోయింది. ఏడాదిగా తమ బస్సు నంబరు చదివేది తనే. అన్నయ్య ఎప్పుడూ, వచ్చేదేదో చూడవే, అనేవాడు. టీ గ్లాసుని బల్ల మీద తడిమి అందుకునేవాడు. ఆ మూడు కాగితాల్లో ఒక్కదాన్నైనా ఆయన చేత్తో పట్టుకోలేదు. చోటు చూపించింది వదిన వేలు.

ఆయన వెల్డరుని చూడలేదు. ఆయనకి వెల్డరు కనపడలేదు.

బస్సు వెళ్ళిపోయింది. ఆవిడకి ఆ సంగతి కూడా తెలియలేదు.

ఆ ఆఖరి రోజు పొద్దున విచారణకి గంట ముందే పిచ్చుక సేఫ్టీ ఆఫీసరు గదిలో ఉంది. ఆఫీసరు చిరాకు మనిషి, ఏ మాటకైనా సాక్ష్యం ఏది అంటాడు. ఆవిడ వెల్డరు చెప్పినదంతా చెప్పింది. తన అనుమానం చెప్పింది. ఆయన పెన్ను మూత పెడుతూ తీస్తూ విన్నాడు. కాలు విరిగినవాడి మాటా, ఉద్యోగం పోయేదాని అనుమానమూ కలిపితే సాక్ష్యం అవదన్నాడు.

"నన్నిక్కడ ఊరికే కూర్చోనివ్వండి సార్. అన్నయ్యని పిలవండి. నేను నోరు మెదపను, మీరూ నేనున్నానని చెప్పకండి. అంతే."

ఆయన ఒప్పుకున్నాడు. కుతూహలం కొద్దీ ఒప్పుకున్నాడు కాబోలు.

పిచ్చుక కిటికీకి వీపు పెట్టి బల్లకి అవతలి పక్క కూర్చుంది. వెనకనించి ఎండ పడుతోంది. అన్నయ్య లోపలికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. కుర్చీ వీపు చేత్తో తడిమి పట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా నాలుగడుగుల బల్ల. ఆయన ఆవిడకేసి చూసి, గుమాస్తాకి పెట్టినట్టు ముక్తసరిగా ఒక నమస్కారం పెట్టాడు.

తన అనుమానం తప్పు కావాలని చివరిదాకా ఒక మూల కోరుకుంటూనే ఉందని ఆవిడకి అప్పుడు తెలిసింది.

చెల్లెలు ఎలా ఉందని ఆఫీసరు అడిగాడు. అన్నయ్య తల వంచుకుని నిట్టూర్చాడు. ఆ గొంతులో నిజమైన తడి ఉంది, అదే ఆవిడ భరించలేకపోయింది.

"ఏం చెప్పమంటారు సార్. ఇంకా కోలుకోలేదు. మొన్న చూడ్డానికెళ్తే, కట్టెదుట కూర్చున్నా నన్ను గుర్తుపట్టలేదు."

ఆఫీసరు చేతిలో పెన్ను మూత ఆగిపోయింది. ఆయన పిచ్చుక వైపు చూశాడు. ఆవిడ అన్నయ్యనే చూస్తోంది.

"అన్నయ్యా," అంది.

ఆ పిలుపుకి ఆయన ఒళ్ళంతా ఒక్కసారి కుంచించుకుపోయింది. గొంతు వచ్చిన వైపు మొహం తిప్పాడు, కాస్త తప్పుగా తిప్పాడు, ఆవిడ భుజం మీదుగా కిటికీలోకి చూశాడు. ఆఫీసరు లేచి కిటికీ దగ్గరికెళ్ళి, మూడు వేళ్ళు పైకెత్తి ఎన్ని అని అడిగాడు. అన్నయ్య నీళ్ళు నమిలాడు. ఏ అంకె కూడా చెప్పలేదు.

వరండాలో ఆయన గోడకి ఆనుకుని అంతా చెప్పాడు. పధ్నాలుగు నెలలుగా కళ్ళకి పొర కమ్మింది. మనుషులు మసక మసగ్గా, పొగలో నిలబడ్డట్టు కనపడతారు. కంపెనీ కంటి పరీక్షలో ఆ అక్షరాల పలక ఎన్నేళ్ళైనా మార్చలేదు, కంఠతా వచ్చు కాబట్టి గట్టెక్కాడు. సైట్లో అలవాటు మీద, చప్పుళ్ళ మీద, అందాజు మీద నెట్టుకొచ్చాడు.

"ఆపరేషన్ చేయించుకుంటే పోయేది కదా అన్నయ్యా. ఒక్క పూట పని."

"కంటి మీద కత్తంటే భయమే. పైగా ఒకసారి పనిలోంచి దిగితే మళ్ళీ రానివ్వరు."

"పధ్నాలుగు నెలలు నేను నీ కళ్ళతోనే దించాను."

ఆయన, నువ్వు చిన్నదానివి, ఎలాగో తట్టుకుంటావనుకున్నానని అన్నాడు. తనని పెంచిన రోజులు చెప్పబోయాడు. అవన్నీ నిజమే, ఆవిడ ఒక్కటీ కాదనలేదు. కాదనగలిగితే ఇంత నొప్పి ఉండేది కాదు.

"నువ్వు నా సంతకం తీసుకున్నావు, అది సరే. నా చెయ్యి దొంగదని నన్నే నమ్మించావు చూడు, అది నేను తట్టుకోలేను," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ వారంలోనే మూడో కాగితం రద్దయింది. లైసెన్సు ఆవిడ దగ్గరే ఉంది, ఆరోగ్యంగా ఉన్నానన్న రోజు వచ్చి చేరమన్నారు. వెల్డరు వాంగ్మూలం మళ్ళీ రాసుకున్నారు. అన్నయ్యని పనిలోంచి దింపి కంటి ఆసుపత్రికి పంపారని విన్నది. ఎప్పుడెళ్ళాడు, ఏమయిందని ఎవరినీ అడగలేదు.

మిగిలిన తొమ్మిది రోజులకి ఆవిడ విశ్రాంతి గృహానికి తిరిగి వెళ్ళింది. ఈసారి చేరిక పత్రం తనే చదివి, తనే నింపింది. మొదటి మూడు రోజులూ నడకలో ఏడ్చింది, మౌనంలో ఏడ్చింది, టీచరమ్మ ఆపమనలేదు. ఎందుకు ఏడుస్తున్నదీ నోటుపుస్తకంలో మాత్రం ఒక్క మాటలో రాసుకుంది. దూలం గురించి కాదు, ఆ నమస్కారం గురించి.

ఏడో రోజు సాయంత్రం మౌనం గంటలో చాప మీద ఒరిగినది, మర్నాడు ఎండ మొహం మీద పడేదాకా లేవలేదు. మధ్యలో ఎవరో దుప్పటి కప్పినా మెలకువ రాలేదు. దూలం లేదు, కేకలు లేవు. ఒళ్ళు దూదిలా ఉంది. రెండు నెలల్లో మొదటిసారి ఆవిడకి ఆకలేసింది. ఆ సంతోషం ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి, ఆఫీసు గదికెళ్ళి ఫోను అడిగి తీసుకుంది. వేళ్ళు వాటంతట అవే ఒక నంబరు నొక్కాయి.

రెండు రింగులయ్యాక గాని అది ఎవరి నంబరో ఆవిడకి గుర్తు రాలేదు. చిన్నప్పటినుంచి మంచి కబురైనా చెడ్డ కబురైనా ముందు తెలిసేది ఆయనకే.

"ఎవరూ?" అంది అవతల ఆ గొంతు. తెర మీద పేరు చదవలేని మనిషి అలాగే అడుగుతాడు.

పిచ్చుక కాసేపు విన్నది. ఎవరూ, ఎవరూ అని మరో రెండుసార్లు వినపడింది. ఫోను కట్టేసి ఆఫీసు ఆవిడకి తిరిగి ఇచ్చింది. నిద్ర పట్టిందండీ, పన్నెండు గంటల పైనే పట్టింది అని, ముక్కూమొహం సరిగా తెలియని ఆ ఆఫీసు ఆవిడతోనే చెప్పింది.