నీళ్ళను గుంజే ఆకు

వలస నేతకారుల పేట ఉధ్నాలోని ఆ తెలుగు బడిలో ఉన్నది ఒక్కటే కంప్యూటర్ గది. వచ్చే నెల నుంచి దాన్ని పూర్తిగా చీరల డిజైన్ క్లాసుకు ఇచ్చేద్దామని ట్రస్టీ నరహరి సేఠ్ తేల్చేశాడు. తన పాఠానికీ కాస్త సమయం కావాలని జీవశాస్త్రం టీచర్ సుమతి బతిమాలితే, "సరే, ఒక్కనాడు కూసుండి చూస్త. పనికొస్తదంటే వారానికో గంట మీకు. లేదంటే లేదు" అన్నాడు. ఆ ఒక్కనాడు ఇవాళే! ఇరవై సాంచాల మరమగ్గం షెడ్డుకు యజమాని అయిన నరహరి వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

తెర మీద నిలువెత్తు చెట్టు, వేరు దగ్గర నీళ్ళు, పక్కన మౌస్‌తో జరిపే మీటలు. "ఇవి చిటారు కొమ్మకు ఎట్లా చేరాలి? మీరే నడిపించండి" అంది సుమతి.

"మోటర్ పెట్టాలె టీచర్!" పదకొండో తరగతి మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. మరి అరవదా? అందరూ నాలుగో అంతస్తు అద్దె గదుల్లో ఉండేవాళ్ళే. కింద మోటర్ వేస్తేనే పైన ట్యాంకు నిండేది. వేరు నీళ్ళను పైకి తోసే మీటను, వేరు తోపుడును, ఆఖరిదాకా పెంచారు. నీళ్ళు కాండంలో కాస్త ఎక్కి చతికిలబడ్డాయి. ఇంకో గుంపు ప్రయత్నించింది. ఊహూఁ.

నరహరి గడియారం చూసుకున్నాడు. అయిపోయింది నా పని, అనుకుంది సుమతి. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. తనే చెప్పేస్తే ఇక ఈ కంప్యూటర్ ఎందుకు, నల్లబల్ల చాలదూ! పంటి బిగువున ఆపుకుంది.

అప్పుడు కోమలి లేచింది. "టీచర్, మా నాయిన సాంచా మీద పడుగు పోగుల్ని ఎనకనుంచి ఎవ్వరు నూకరు. ముందట బట్ట చుట్టుకుంటుంటె అవే గుంజుకొస్తయ్. గిది గూడ గట్లనేనా ఏంది?"

"చేసి చూడు!" సుమతి గొంతు కీచుమంది.

కోమలి వేరు తోపుడును సున్నాకు దించింది. ఆకుల మీది సన్నటి రంధ్రాలన్నీ తెరిచి, ఎండ పెంచింది. ఆకుల్లోంచి ఆవిరి లేచింది. అంతే! నీళ్ళు జరజరా పైకి పాకి చిటారు ఆకును అందుకున్నాయి. రంధ్రాలు మూసింది, ఆగాయి. తెరిచింది, పాకాయి. గది గదంతా ఈలలు, చప్పట్లు, "నాకియ్యి, నాకియ్యి" అంటూ మౌస్ కోసం కుమ్ములాట. సుమతికి ఎగిరి గంతేయాలనిపించింది.

"మరి పోగు తెగితే?" ఆ గోలలో వెనక నుంచి నరహరి అడిగాడు.

"చెట్టులోనూ నీటి పోగు తెగుతుంది సార్. గాలి బుడగ చేరితే ఆ దారి ఆగిపోతుంది. మీరే తెంపి చూడండి" అంది సుమతి.

ముప్పై ఏళ్ళు తెగిన పోగులు అతికిన మనిషి వచ్చి తెర ముందు కూర్చున్నాడు. ఒక దారి తెంపాడు. నీళ్ళు పక్క దారికి మళ్ళాయి. "వారెవా! అతకకుంటనే నడుస్తున్నదిరో!" రెండోది తెంపాడు, మూడోది తెంపాడు. గంట కొట్టారు. ఆయన లేవలేదు.

"సార్, మరి వారానికో గంట...?" సుమతి మెల్లగా అడిగింది.

"గంట ఏం సరిపోతది టీచరమ్మా?" తెర మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు నరహరి. "రెండు తీసుకోండ్రి. నేను గూడ వస్త."