నలభై మందికి ఒక్క మాస్కు

ఆపరేటరు పరదేశిని మెషిన్ రూమ్ నుంచి మోసుకొచ్చేసరికి అతని కళ్లు వాచిపోయాయి. ముక్కుకు తడి తువ్వాలు చుట్టుకుని లోపలికెళ్లి, అమ్మోనియా కారుతున్న వాల్వు కట్టేసింది అతనే. చింతపండు బస్తాలు మోసే మేమంతా బతికి బయటపడ్డాం. మేనేజరు మాత్రం, "మాస్కు పెట్టుకోలేదు, తప్పు వాడిదే," అన్నాడు.

మాస్కు మూడో గదిలో బస్తాల వెనక ఉంది. దాచింది నేనే.

మా చోడవరం కోల్డ్ స్టోరేజీలో నలభై మందిమి పనిచేస్తున్నాం. గదులు చల్లబరచడానికి ప్రకృతికి హాని చేయని ఈ అమ్మోనియా గ్యాసు వాడుతున్నందుకు ఓనరుకు సన్మానం కూడా జరిగింది. మాస్కు మాత్రం ఒక్కటే కొన్నాడు, ఆపరేటరైన పరదేశికి. "బస్తాలు మోసేవాళ్లకి మాస్కెందుకే నరసమ్మా?" అని మేనేజరు నన్ను చూసి నవ్వేవాడు. నాకు అతని మీద కాదు, పరదేశి మీద ఒళ్లు మండేది. ఆ మాస్కు, అతను కూర్చుని పనిచేసే ఆ కుర్చీ చూసి కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. ఒక్క పూట వెతుక్కుని ఏడవనీ అనుకున్నాను.

ఆసుపత్రిలో అందరి ముందూ నిజం చెప్పేశాను. పరదేశి భార్య దేముడమ్మ మాతోనే బస్తాలు మోస్తుంది. లాగి చెంప మీద కొట్టింది.

"నా మొగుడి ఊపిరి తీసీసేవు కదే!"

మా జట్టులోని ఝాన్సీ అడ్డొచ్చింది. "ఈ పాడు గేసే వద్దందాం. ఫ్రియాన్ గేసు ఎట్టమందాం."

మంచం మీద పరదేశి గొంతు పెగల్చుకున్నాడు. "గేసు మంచిదే. ఫ్రియాన్ అయితే లోకాన్ని వేడెక్కిస్తాది, ఇది అలాక్కాదు. కరెంటూ తక్కువే తాగుతాది. కానీ మనిషికి కాపలా ఉండాల. అలారం అడగండి, అందరికీ మాస్కులు అడగండి."

మర్నాడు మెషిన్ ఆపి గేటు ముందు కూర్చున్నాం. ఓనరు పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చాడు. మాస్కు ఎవరో దాచారన్న మాట అతని చెవిన పడింది.

"మాస్కు దాచిందెవరో చెప్పినవాళ్లకి పరదేశి ఉద్యోగం ఇస్తాను."

ఆ కుర్చీ మీద ఆశ లేనిదెవరికి? దేముడమ్మ లేచింది. అయిపోయాననుకున్నాను.

"అందరం దాసేం, రాసుకో ఎస్సై బాబూ. నలబై మందికి ఒక్కటే కొన్నోడి పేరు మొదట రాసి, తరవాత మా పేర్లు రాసుకో."

ఓనరు పేరు రాయలేదు. మమ్మల్నే జీపెక్కమన్నారు. కుళ్లుబోతులం కదా, అక్కడా ఓర్చుకోలేకపోయాం. నేను ముందంటే నేను ముందని తోసుకుంటూ ఎక్కాం.